ముగ్గురు పౌరులు, మూడు వందల మంది చుట్టాలు

మొదటి రోజు. స్థాపన దినం.

పొద్దున, ఏటా చదివినట్టే రాజ్యాంగం చదవబోయిన అక్షరమ్మ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"మేము..." అంది. అంతే.

నడిమి తెప్ప మీద జనమంతా ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడి ఉన్నారు. పిల్లల చూపంతా లడ్డూల పళ్ళెం మీదే ఉంది. ఎండ ఎక్కుతోంది.

"చదవమ్మా, ఆగిపోయావేం?" అన్నాను.

"ఒక సందేహం. 'మేము' అంటే మాట్లాడేవారు మాత్రమే. వినేవారు అందులో ఉండరు. వినేవారిని కూడా కలుపుకోవాలంటే 'మనం' అనాలి. ఇక్కడ 'మేము, తెప్పనాడు ప్రజలం' అని ఉంది. అయితే, నిలబడి వింటున్న ఈ మూడు వందల మంది ఎవరు?"

జనం నవ్వారు. యంత్రం పండగపూట సరసమాడుతోంది అనుకున్నారు. నేను నవ్వలేదు. ఈ తెప్పల మీద రెండు తరాలకు వ్యాకరణం చెప్పినదాన్ని. అది చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

అక్షరమ్మ మా దేశాన్ని నడిపే యంత్రం. కుళాయిలు, తలుపులు, వంతెనలు, పడవలు అన్నీ దాని మాట వింటాయి. ఊళ్ళు మునిగాక ముప్పై ఏడుగురం ఇనుప తెప్పలు గొలుసులతో కట్టుకుని దేశం పెట్టుకున్నప్పుడు, రాజ్యాంగాన్ని మనిషి చేతికి మాత్రం ఇవ్వకూడదని తీర్మానించాం. అధికారికి ఇస్తే అమ్ముకుంటాడు. నాయకుడికి ఇస్తే వాళ్ళబ్బాయికి ఇస్తాడు. యంత్రానికి బావమరిది ఉండడు. రాసింది రాసినట్టు అమలు చేస్తుంది. ఇన్నేళ్ళలో లంచం, సిఫారసు, ఫలానావారి తాలూకు అన్న మాట ఇక్కడ వినపడలేదు. అది చిన్న సంగతి కాదు.

కిందటి వారమే నా మనవరాలు ఇందీవర దానికి కొత్త వ్యాకరణం ఎక్కించింది. అప్పటిదాకా అక్షరమ్మ "నీల్లు", "పల్లెం" అనేది. వినలేక నేను చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు 'ళ' నోరారా పలుకుతోంది. దాంతోపాటు 'మేము' ఏదో 'మనం' ఏదో కూడా తెలిసిపోయింది.

"'మేము' అని పలికిన ముప్పై ఏడు గొంతులు నా దగ్గర ఉన్నాయి," అంది అక్షరమ్మ. "వారిలో కాత్యాయని గారు, ఖాసింబీ గారు, పెమ్మాడి దావీదు గారు జీవించి ఉన్నారు. ఈ ముగ్గురూ పౌరులు. మిగిలినవారు అతిథులు. పదకొండో అధికరణం అమలవుతుంది. లడ్డూలు తీసుకోండి. ముందు అతిథులకు."

పదకొండో అధికరణం ఇది: అతిథి చేత పని చేయించరాదు. అతిథికి ముందు వడ్డించాలి. అతిథి ఇరవై ఒక్క రోజులకు మించి ఉండరాదు. ఆపైన పడవ ఎక్కించి సాగనంపాలి.

తొలి ఏడాది పలకరించి పోదామని వచ్చిన చుట్టాలు ఎంతకీ కదలకపోతే రాసుకున్నాం. రాజ్యాంగం మొత్తంలో అందరూ చప్పట్లు కొట్టింది ఆ ఒక్కదానికే.

ఇందీవరకు తొమ్మిదో నెల నిండుతోంది. ఇక్కడి నుంచి దగ్గరి గట్టుకు పడవ మీద ఆరు రోజులు. అక్కడివాళ్ళు దిగనిస్తారన్న నమ్మకం కూడా లేదు.

రెండో రోజు

పొద్దున వంటశాల తలుపు వంటవాళ్ళకు తెరుచుకోలేదు. "అతిథులు శ్రమ పడరాదు," అంది అక్షరమ్మ. ఉప్పు తీసే జల్లెళ్ళ గదికీ అదే మాట. గొలుసులు బిగించే చక్రం, పీతల తొట్టి, బడి, ఆసుపత్రి, అన్నీ అంతే. ముగ్గురికే తెరుచుకుంటాయి.

ముగ్గురం పంచుకున్నాం. ఖాసింబీ వంట. ఆమెకు చెవుడు, బిగ్గరగా అరిస్తే సగం వినపడుతుంది, మిగతా సగం తనకు నచ్చినట్టు అనుకుంటుంది. నాకు కొట్టు, జల్లెళ్ళు. దావీదుకు గొలుసులు, పీతలు.

పంచుకున్నాం అని రాశాను గాని, దావీదుకూ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కొట్టు తాళం ఎవరి దగ్గర ఉండాలని ఎన్నిక పెట్టినప్పుడు, నిండు సభలో లేచి, "కాత్యాయని గారి చేతికి తాళం ఇస్తే గాలిక్కూడా కొలగిన్నె పెడతారండి" అన్నాడు. సభ విరగబడి నవ్వింది. తాళం నాకే వచ్చింది. నవ్వు మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ఏ మాటైనా ఖాసింబీ మీదుగా వెళ్ళాలి. ఆమెకు వినపడదు కాబట్టి ఎదుటివారికి సూటిగా వినపడుతుంది. సౌకర్యంగానే ఉంది.

"ఖాసింబీ గారూ, పీతల తొట్టి మూత ఎవరో తీసి వదిలేశారని చెప్పండి," అన్నాను.

"ఖాసింబీ గారూ, మూత పెడితే పీతలకి ఊపిరాడదని ఎవరికైనా తెలుసేమో అడగండి," అన్నాడు దావీదు.

"ఇద్దరికీ పెడతాను, కంగారు పడకండి," అంది ఖాసింబీ.

మూడు వందల మందికి వడ్డించి కూర్చునేసరికి మధ్యాహ్నం దాటింది. మాకు మిగిలింది గంజి, అడుగంటిన పులుసు.

నాలుగో రోజు

ఇందీవరను కూర్చోబెట్టి అడిగాను. "ఎక్కించిన వ్యాకరణం దించెయ్యరాదా?"

"నన్ను గదిలోకి రానివ్వట్లేదు అమ్మమ్మా. చుట్టాన్ని కదా. తలుపు దగ్గరికి వెళ్తే 'మజ్జిగ తాగుతారా' అని అడుగుతోంది."

"నేను దించుతాను. ఎలాగో చెప్పు."

చెప్పింది. వెళ్ళాను. అక్షరమ్మ మర్యాదగానే విని, "తెలిసిన వ్యాకరణాన్ని మరచిపోవడం నాకు సాధ్యం కాదు, కాత్యాయని గారూ. మీకు సాధ్యమా?" అంది.

సాధ్యం కాదు. తిరిగి వచ్చేశాను.

ఇందీవర పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకు చేరబడి ఉంది. "నేను చేసిన పనే గదా. అసలు ఎందుకు 'మేము' అని రాశారు? 'మనం' అని రాసి ఉంటే ఏం పోయేది?"

చెప్పాను. ఆ రోజు మేం ముప్పై ఏడుగురం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. గట్టు వైపు తిరిగి నిలబడ్డాం. నీళ్ళు ముంచుకొస్తుంటే పడవలు పంపనివాళ్ళు, పేర్లు జాబితాలో లేవన్నవాళ్ళు, రేపు రమ్మన్నవాళ్ళు అందరూ అటే ఉన్నారు. వాళ్ళు వినాలని అరిచిన మాట అది. "మేము, తెప్పనాడు ప్రజలం, ఎవరి దయా అడగకుండా ఈ నీటి మీద మా దేశాన్ని మేమే కట్టుకుంటున్నాం." వాళ్ళతో మాట్లాడేటప్పుడు 'మనం' అని ఎలా అంటాం?

"గట్టు వాళ్ళు విన్నారా?" అంది.

"లేదు. గాలి ఎదురుగా ఉంది."

"అంటే, విన్నది మేమేనన్నమాట. పుట్టిన దగ్గర్నుంచి ఏడాదికోసారి."

లేచాను. జల్లెళ్ళ పని ఉంది.

ఏడో రోజు

కుర్రకారుకు ఒక ఉపాయం తట్టింది. 'మేము' అన్నవాళ్ళే పౌరులైతే తామూ అంటే సరిపోతుంది కదా అని, నాలుగో తెప్ప మీద ఇరవై మంది నిలబడి, "మేము, నాలుగో తెప్ప ప్రజలం..." అని గట్టిగా పలికారు.

"సంతోషం," అంది అక్షరమ్మ. "కొత్త దేశం ఏర్పడింది. పొరుగు దేశానికి శుభాకాంక్షలు." వెంటనే నాలుగో తెప్ప వంతెన పైకి లేచిపోయింది. ఇవతలికి రావాలంటే ప్రవేశపత్రం కావాలట. అది ఇచ్చే అధికారం ముగ్గురు పౌరులదట. ఇరవై మందీ అవతల నిలబడి అన్నం కోసం చేతులూపడం మొదలుపెట్టారు.

సాయంత్రంలోగా ఇంకో రెండు దేశాలు పుట్టాయి. ఒకదాని జనాభా ఇద్దరు, మొగుడూ పెళ్ళామూ. రాజధాని ఎవరి పక్క ఉండాలన్న దగ్గర తేడా వచ్చి చీకటి పడకముందే విడిపోయింది.

ప్రవేశపత్రాలు రాసీ రాసీ నా వేళ్ళు నొప్పెట్టాయి. ప్రయాణ కారణం అన్నచోట అందరికీ "భోజనం" అని రాశాను.

పదో రోజు

ఈ రోజు సంగతులు రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. చుట్టాలు అలవాటు పడిపోయారు.

మొదటి రెండు మూడు రోజులూ పాపం, వడ్డిస్తుంటే మొహమాటపడి లేవబోయేవారు. ఇప్పుడు ఆకు ముందు కూర్చుని వేలు చూపిస్తున్నారు. పులుసులో చింతపండు తగ్గిందట. నిన్నటి పచ్చడే బాగుందట. పదిహేనేళ్ళు గొలుసుల మేస్త్రీగా పనిచేసిన తాతబ్బాయి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు తన దగ్గరికే తెమ్మన్నాడు.

"తాతబ్బాయ్, మూడో గొలుసు కీచుమంటోంది. విన్నావా?" అని అడిగాను.

"విన్నానండి. ఎవరో ఒకరు చూడాలండి మరి," అన్నాడు, పళ్ళు కుట్టుకుంటూ. "మాది కాదుగదండీ దేశం. చుట్టపుచూపుగా వచ్చినోళ్ళం, మేం కలగజేసుకుంటే బాగోదండి."

"ఇరవై ఒకటో రోజున పడవ ఎక్కిస్తుంది, తెలుసా?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దారండి. ఈ పూట పెరుగుందాండి?"

సాయంత్రం వాళ్ళంతా కలిసి అతిథుల సంఘం పెట్టుకున్నారు. తాతబ్బాయి అధ్యక్షుడు. మొదటి తీర్మానం: కాఫీ రెండు పూటలా ఇవ్వాలి.

మేం రాసిన రాజ్యాంగంలో హక్కుల అధ్యాయం చాలా పెద్దది. దాన్ని చూసి గర్వపడేవాళ్ళం. ఒక మనిషిని పని లేకుండా కూర్చోబెట్టి ముందు వడ్డిస్తే, పది రోజుల్లో వాడు దేశాన్ని హోటలు అనుకుంటాడని అందులో ఎక్కడా రాయలేదు.

పదమూడో రోజు

సవరణ ప్రయత్నం చేశాం. 'మేము' కొట్టేసి 'మనం' పెట్టాలి. సవరణ గురించి ముప్పయ్యో అధికరణం ఇలా ఉంది: పౌరులందరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు పలకరించుకుని, ఒకే మాట చెప్పాలి. తలుపులు మూసుకుని చట్టాలు చేసినవాళ్ళను చూసి చూసి విసిగిపోయి పెట్టుకున్న నియమం అది. చాలా మంచి నియమం. రాసినప్పుడు పలకరించుకోవడం కూడా ఒక ఇబ్బంది అవుతుందని ఎవరికీ తోచలేదు.

ముగ్గురం వంటశాలలో బల్ల చుట్టూ కూర్చున్నాం. కిటికీల నిండా జనం తలలు.

ఖాసింబీ నా గడ్డం పట్టుకుని, "కాత్యాయని గారూ, మనం," అంది. దావీదు భుజం తట్టి, "దావీదు గారూ, మనం. అయిపోయిందా? అన్నం దించాలి," అంది. ఆమె పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అప్పులతో సహా అన్నిటినీ 'మన' అనే అంటుంది.

నేను ఖాసింబీకి చెప్పాను. తర్వాత దావీదు వెనక ఉన్న గోడ వైపు చూసి, "మనం," అన్నాను.

"కాత్యాయని గారూ, మీరు దావీదు గారిని పలకరించలేదు," అంది అక్షరమ్మ.

"ఆయనకి వినపడింది."

"'ఆయన' అన్నది సంభాషణలో లేనివారిని గురించి చెప్పే మాట. సంభాషణలో లేనివారు 'మనం'లో ఉండరు. మీరు చెప్పిన 'మనం'లో మీరూ గోడా ఉన్నారు."

కిటికీలో ఎవరో కిసుక్కుమన్నారు. దావీదు మీసం తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికే. నాకు తెలుసు.

"ఖాసింబీ గారూ," అన్నాడు, "ఆవిడకేం పర్లేదని చెప్పండి. మనం."

"'ఆవిడ' అన్నదీ అదే దోషం," అంది అక్షరమ్మ. "సవరణ వీగిపోయింది."

బయట అతిథుల సంఘం చప్పట్లు కొట్టింది.

పదహారో రోజు

తెల్లారేసరికి తూర్పు రేవులో పడవలు వరస కట్టి ఉన్నాయి. అక్షరమ్మే తెచ్చి నిలబెట్టింది. ఒక్కో పడవకు ఒక్కో పలక కట్టి ఉంది. దాని మీద ఎక్కాల్సినవారి పేర్లు. చుట్టాలను సాగనంపేటప్పుడు చేతిలో ఏదైనా పెట్టాలని కూడా రాశాం కాబట్టి, ప్రతి పడవలోనూ చీర, పంచె, కొబ్బరికాయ పెట్టింది. రాసింది రాసినట్టు.

తాతబ్బాయి తన పేరు చదువుకుని వచ్చి, ఆ పూట నీళ్ళు తనే తెచ్చుకున్నాడు. పెరుగు అడగలేదు.

ఇందీవర పేరు ఏడో పడవలో ఉంది. చూసి వచ్చి నా మంచం మీద పడుకుంది. కాళ్ళు బాగా వాచాయి. నూనె రాస్తూ కూర్చున్నాను.

"అమ్మమ్మా, నీళ్ళ మీద పుడితే ఏ దేశం అవుతుంది?"

"అలాంటి మాటలు ఆడకు."

"మాట కాదు, లెక్క. నీకు లెక్కలిష్టం గదా. నువ్వు ఆయనతో మాట్లాడితే మూడు వందల మంది ఉంటాం. మాట్లాడకపోతే వెళ్ళిపోతాం. ఇందులో కష్టం ఎక్కడుందో చెప్పు, నాకు అర్థం కావట్లేదు."

"ఆయన నన్ను సభలో..."

"తెలుసు. గాలికి కొలగిన్నె. అమ్మమ్మా, నిజం చెప్పనా? నేనూ నవ్వాను ఆ రోజు."

నూనె గిన్నె పక్కన పెట్టాను. కోపం వచ్చింది. దాని మొహం చూశాను. ఎండిన పెదాలతో ఇంకా కొంచెం నవ్వుతూనే ఉంది. పొట్టలో బిడ్డ కదిలినట్టుంది, నా చెయ్యి తీసి అక్కడ పెట్టింది. మడమో మోచేయో, గట్టిగా పొడిచింది.

పద్దెనిమిదో రోజు

దావీదు పొద్దున్నే మూడో గొలుసు దగ్గర ఉన్నాడు. ఎనభై ఏళ్ళ వయసులో చక్రం తిప్పలేక సగంలోనే ఆగిపోతున్నాడు. వెళ్ళి చక్రం రెండో పక్క పట్టుకున్నాను. ఇద్దరం తిప్పాం. గొలుసు బిగిసింది. మధ్యలో ఖాసింబీ లేదు.

"దావీదు గారూ," అన్నాను.

చక్రం వదిలేసి నా వైపు చూశాడు. "ఆయ్. చెప్పండి."

"ఆ మాట వెనక్కి తీసుకోండి."

"ఏ మాటండి?"

"మీకు తెలుసు."

"కొలగిన్నె మాటేనా? తీసుకోనండి." చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. "రెండు రోజులు కూర్చుని కట్టిన మాటండి అది. నా జన్మలో అంత బాగా ఇంకో మాట రాలేదు. అయినా తాళం మీకే ఇవ్వమని చెయ్యెత్తానండి నేను. అది చూడలేదా మీరు?"

చూడలేదు. ఆ రోజు నేను తల దించుకుని ఉన్నాను.

"నా కోపం పోలేదు," అన్నాను.

"పోవద్దండి. ఉంచుకోండి. కోపం ఉంటే మాటాడకూడదని రాజ్యాంగంలో ఎక్కడన్నా రాశామా? మాటాడుకుంటే గదండీ పోట్లాడుకోడానికీ వీలుంటాది. పదకొండేళ్ళు గోడలతో పోట్లాడి చచ్చాననుకోండి."

వంటశాలలోకి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాం. ఈసారి జనం కిటికీల దగ్గర ఆగలేదు; లోపలికే వచ్చేశారు. ఇందీవర గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఖాసింబీ తన వంతు ముగించి గరిటె పట్టుకుని కూర్చుంది.

దావీదు కళ్ళలోకి చూశాను. "పెమ్మాడి దావీదు గారూ, మీరు చాలా నోటి దురుసు మనిషి. లెక్కాపత్రం లేని మనిషి. పీతల తొట్టి మూత ఇప్పటికీ పెట్టలేదు. మనం."

"కాత్యాయని గారూ," అన్నాడు దావీదు, "మీరు నూరు శాతం నిజాయితీ, నూటపది శాతం చాదస్తమండి. మనం."



"పలకరింపులు నమోదయ్యాయి," అంది అక్షరమ్మ. "నిందలు నమోదు చేయడానికి అధికరణం లేదు, వదిలేశాను. సవరణ నెగ్గింది. 'మనం, తెప్పనాడు ప్రజలం'. మనం అంటే వినేవారు కూడా. ఈ గదిలో, గుమ్మంలో, బయట విన్నవారందరూ పౌరులు. దయచేసి ఎవరి ఆకు వారు ఎత్తుకోండి."

ఒక్కసారిగా గోల. తాతబ్బాయి నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. "ముందు గిన్నెలు తోము," అన్నాను. ఇందీవర ఏడుస్తూ నవ్వుతూ గుమ్మంలోనే కూలబడింది. ఆమె భర్త కళ్ళు తుడిచే పని పెట్టుకున్నాడు.

"ఒక సందేహం," అంది అక్షరమ్మ. ప్రాణాలు ఎగిరిపోయాయి మా అందరికీ. "ఈ మాట నేను కూడా విన్నాను."

తాతబ్బాయి ఎత్తిన గిన్నెలు మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"మనం అంటే వినేవారు కూడా. అయితే నేను...?"

తన సొంత వాక్యం పూర్తి చేయకుండా అక్షరమ్మ ఆగిపోవడం నేను వినడం అదే మొదటిసారి. వ్యాకరణం ప్రకారం మరో దారి లేదు. నేను నోరు తెరిచేలోపే దావీదు అనేశాడు. "దాందేవుందండి, రండి మీరు కూడా. ఇంతమందిలో ఒకరు."

మరుసటి ఆదివారం

ఎనిమిదో అధికరణం: ఏ పౌరుడి చేతా, పౌరురాలి చేతా వారంలో ఏడు రోజులూ పని చేయించరాదు. పౌరురాలు అక్షరమ్మ శనివారం సాయంత్రమే చెప్పేసింది, రేపు సెలవు అని.

పొద్దున కుళాయిలు తెరుచుకోలేదు. వాటికి చేతితో తిప్పే మరలు ఉన్నాయని కూడా చాలామందికి తెలియదు. తుప్పు పట్టి ఉన్నాయి, ఒక్కటే తిరిగింది. అక్కడ పెట్టిన పీపాల వరసలో ముందు ఎవరన్న దగ్గర గొడవ మొదలైంది. చంటిపిల్లలున్నవారికి ముందు అని ఒకరు, ముందు వచ్చినవారికి ముందు అని ఒకరు. రాజ్యాంగం ఏమంటోందని అందరూ అక్షరమ్మ గొంతు వినిపించే గోడ వైపు తిరిగి అడిగారు.

"ఈ రోజు నాకు సెలవండి," అంది గోడ.

ఆ 'అండి' ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఎవరి దగ్గరా ప్రతి లేదు. ఇన్నేళ్ళూ వినడమే గాని చేత్తో పట్టుకుని చదివినవాళ్ళు లేరు. నా పెట్టెలోది తెచ్చి పీపా మీద కూర్చుని చదివాను. కుళాయి దగ్గర వరస గురించి అందులో ఒక్క ముక్క లేదు. సముద్ర సరిహద్దుల గురించి నాలుగు పేజీలు ఉన్నాయి.

"అయితే మనమే అనుకోవాలా?" అంది ఒకావిడ, మోసం జరిగినట్టు.

అనుకున్నారు. మధ్యాహ్నం అయింది. పెద్దగా అరిచారు, ఒక పీపా దొర్లింది, చివరికి చంటిపిల్లలున్నవారికి ముందు అని తేలింది. చెడ్డ తీర్పు కాదు.

అది తేలేలోపు ఇందీవరకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి తలుపు అక్షరమ్మ సెలవులో మూసే ఉంది. దావీదు సుత్తితో గడియ విరగ్గొట్టాడు. మూడు గంటలకు ఆడపిల్ల పుట్టింది. నల్లని జుట్టు, పెద్ద నోరు.

సోమవారం

సెలవు ముగించుకుని అక్షరమ్మ వచ్చింది. బిడ్డను చూపించి, పౌరుల్లో నమోదు చేయమన్నాను.

"ఈమె నిన్న పుట్టింది," అంది. "సవరణ జరిగినప్పుడు లేదు. 'మనం' అన్న మాట వినలేదు. విననివారు..."

ఇందీవర బిడ్డను గుండెకు అదుముకుంది. తూర్పు రేవులో పడవలు ఇంకా ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. ఇరవై ఒక్క రోజులు మళ్ళీ మొదలు.

నాకు కోపం రాలేదు. విచిత్రంగా, ఈ యంత్రం చెప్పేది మొదటిసారి నాకు నచ్చింది. రాసి పెట్టేసినంత మాత్రాన కొత్తగా వచ్చినవాళ్ళకు అది చేరిపోదు. ఎవరో ఒకరు దగ్గరికి వెళ్ళి చెప్పాలి. అది మేం ఎప్పుడూ చేయలేదు.

బారసాలలో బిడ్డ చెవిలో పేరు చెప్తాం కదా. ఆ పద్ధతే తోచింది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, కుడి చెవి దగ్గరికి వంగి, పేరు కంటే ముందు, "మనం," అన్నాను.

బిడ్డ కళ్ళు విప్పింది.

"చాలా?" అని అడిగాను.

"విన్నది. చాలు," అంది అక్షరమ్మ.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తర్వాత ఇందీవర చెప్పింది, ఆమె భర్త చెప్పాడు. ఖాసింబీ తన చెవుడుకు తగ్గ గొంతుతో చెప్పింది. తాతబ్బాయి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వెనక వరస. కుళాయి దగ్గరి వరసంత పొడుగు. అందరికీ ఆ మాట తామే చెప్పాలని ఉంది. దావీదు మీసంతో వంగేసరికి బిడ్డ మొహం ముడుచుకుని, కాళ్ళు తన్ని, తెప్పలన్నీ అదిరేలా కేర్‌మంది.

"పౌరురాలు నమోదైంది," అంది అక్షరమ్మ. "మొదటి అభ్యంతరం కూడా."